కంప్యూటర్ ఇంటికి గడప

గురువారం, నాచారం

చెంగిచెర్ల ప్లాటుల కట్టుకోబోయే ఇంటిని మా ఆయన కంప్యూటర్‌ల గీసిండు. మురిసిపోయి చూపిచ్చిండు. అంతా చూసి, "గడప ఏది?" అన్న.

మస్తు వెతికిండు. ఆ సాఫ్ట్‌వేర్‌ల చలి కాగే పొయ్యి సుత ఉంది గని గడప లేదు. మొహం మాడ్చుకున్నడు. అన్నం తిన్నంక మళ్ల పిలిచిండు. కంప్యూటర్‌లనే ఒక చిన్న బల్లను తలుపు కింద పడుకోబెట్టి, పసుపు రంగేసి, కుంకుమ బొట్లు పెట్టిండు. బొట్లు వంకరగున్నయి.

"పా, లోపలికి పోదాం" అని మౌస్ నా చేతికిచ్చిండు.

మౌస్ పక్కకు పెట్టిన. ఈ కిరాయి ఇంట్ల ఎన్ని శుక్రవారాలు పరాయి గడపకు పసుపు రాసిన్నో. మా గడపను గిట్ల ఉత్తగ దాటబుద్ధి గాలే.

"కట్టినంక పోదాం" అన్న. ఆయన లాప్‌టాప్ మూసిండు.

ఎప్పుడు కడతమో ఏమో. ఆ దినం బొట్లు మాత్రం నేనే పెడత.