గుండ్లోళ్ళ భాషకు వారసులు

అమీర్‌పేటలో దర్జీ పని చేసుకునే క్రీస్తుదాసు అనే నేను దేవుని ఎదుట రాసుకున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు చెడ్డాయి గాని బుద్ధి చెడలేదు. మూడో అంశం చదివాక ఎవరికైనా అనుమానం వస్తే ఈ మాట మళ్ళీ చదువుకోవాలి.

1. రెండు గదుల పెంకుటిల్లు, పెరట్లో సీతాఫలం చెట్టుతో సహా, నా ఒక్కగానొక్క కూతురు నవోమికి. ఆమె బతికుండగా దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు.

2. కుట్టు మిషను, కత్తెరలు తమ్ముడు దయానందానికి. వాడు లక్డీకాపూల్ దఫ్తరులో గుమస్తా, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అయినా వాడికే.

3. నవోమికి పుట్టుకతోనే నాలుక మందం. మ, ల, వ, య తప్ప వేరే అక్షరాలు పలకవు. వాళ్ళమ్మ పోయిన ఏడు, పంజగుట్ట గుండ్ల కింద గుండ్లోళ్ళని జానెడు మనుషులుంటారనీ, వాళ్ళకూ ఆ నాలుగక్షరాలే పలుకుతాయనీ ఆమెకు చెప్పాను. వాళ్ళ భాషంతా నేనే కల్పించాను. లామ అంటే అన్నం, వేలి అంటే వాన, యల అంటే నాయిన. పిల్ల నోరు విప్పింది. ఇప్పుడు పెద్దదైంది, నాకంటే ధారాళంగా మాట్లాడుతుంది, కొత్త మాటలు తనే కడుతుంది. ఈ భాషను ఆమెకూ దయానందానికీ చెరిసగం రాస్తున్నాను.

4. దయానందం మీద నాకు కోపముంది. "అన్నా, గీ పిచ్చి కూతలు బజార్ల జర బంద్ చెయ్యి, నలుగురు నవ్వుతున్నరు" అన్నది వాడే. కానీ విన్నది నేను. ఆనాటి నుంచి గడప దాటితే కూతురితో పెదవి కదపలేదు. పంజగుట్ట బాట మీద సోమాజిగూడ బంగళాలకు బట్టలివ్వడానికి వెళ్తుంటే వెంట నడుస్తూ ఏదో అడిగేది. నేను పరాయి పిల్లను చూసినట్టు చూసి ముందుకు పోయేవాణ్ణి.

మొన్న నేను జ్వరంతో పడి ఉంటే, పక్క గదిలో వాడు ఆమెకు అన్నం పెడుతూ గుండ్లోళ్ళ భాష మాట్లాడుతున్నాడు. అన్నీ తప్పులే. ఆమె పగలబడి నవ్వుతోంది. నా తర్వాత ఆమెతో మాట్లాడే మనిషి వాడొక్కడే. ఉర్దూ, ఇంగ్లీషు మోసే నోటికి ఇదొక బరువు కాదు. రోజూ వచ్చి మాట్లాడాలి.

5. ఆ పంజగుట్ట బాటకు నవోమి ఎప్పుడో ఒక పేరు కట్టింది, యలమూవ అని. నాయిన మూగవాడయ్యే చోటు అని దాని అర్థం. ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నాను, విడదీసి చూసుకున్నది మొన్ననే. సిగ్గుతో అప్పుడే చచ్చాను, మిగిలింది ఈ దేహం.

నా పెట్టెను దొడ్డిదారిన కాకుండా పంజగుట్ట బాట మీదుగానే సమాధుల తోటకు మోయాలి. దారి పొడుగునా దయానందం నవోమితో ఆ భాషలోనే, నలుగురికీ వినపడేలా మాట్లాడాలి. ఆ బాటకు ఆమె వేరే పేరు పెట్టేదాకా రోజూ ఆమెను అక్కడికి తీసుకుపోయి మాట్లాడాలి.

అమీర్‌పేట, 1946 ఫిబ్రవరి 9
(సంతకం) క్రీస్తుదాసు

సాక్షులు:
హనుమాండ్లు, పాల వ్యాపారి
మగ్దలీనమ్మ, పక్కింటి ఆమె (వేలిముద్ర)