డాబా మీద గాలి గొట్టం

రుసే,
నవంబరు 9

అమ్మకు,

నీ కొడుకు ఒగ్నియాన్ నమస్కరించి రాసేది. నేనూ నీ కోడలూ కులాసా. వేడినీటి బుగ్గల ఆసుపత్రిలో నీ తుంటి కూడా నీ నోరంత హుషారుగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. సంతోషం. ఫోను మానేసి ఉత్తరం ఎందుకంటావా? ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగం వినకుండానే తిడతావు. ఈసారి నేను చివరిదాకా చెప్పాలి.

ముందు నువ్వు అడిగినవి. చలికాలానికి ఊరబెట్టిన క్యాబేజీ పీపాలో ఉప్పునీళ్లు మూడు రోజులకోసారి కింది కుళాయిలోంచి పట్టి మళ్లీ పైన పోస్తున్నాం, పాడవలేదు. స్నానాల గదిలో పాత టబ్బును ముక్కలు చేసి దించేశాం. దాని అంచు దాటబోయే కదా నువ్వు పడ్డావు! గడప కూడా లేని స్నానాల గది ఉంటేనే నిన్ను ఇంటికి పంపుతానని, లేకపోతే వృద్ధాశ్రమం చూసుకోమని డాక్టరమ్మ అంది. ఆ రెండో మాట నీ దగ్గర దాచాను.

గది మార్చడం ఎంతసేపు అనుకున్నాను. ప్లంబరు మెతోడి వచ్చి నేల మీద వాలు చూసే రసమట్టం పెట్టి నవ్వాడు.

"గురూ, నీళ్లు నీ మాట వినవు, వాలు మాట వింటాయి. మీటరుకి రెండు సెంటీమీటర్లన్నా వాలుండాలి. మీ నేలలో అంత మందం ఏదీ? గొట్టం కిందవాళ్ల కప్పులోంచి పోవాల్సిందే."

కిందవాళ్లంటే మూడో అంతస్తు నెవేనా పిన్ని. పదహారేళ్లుగా మీకు మాటల్లేవు. మన స్నానాల గదిలో కంపు ఆవిడ క్యాబేజీ పీపాదేనని మెట్ల మీద పదిమందిలో కడిగేశావు కదా. నేను వెళ్లి అడిగితే ఆవిడ తలుపు సందులోంచే, "ముందు మీ అమ్మ ముక్కునడిగి రా" అని తలుపు ధడాలున వేసేసింది.

మెతోడి మాత్రం ఆ కంపు సంగతేమిటో చూద్దామన్నాడు. నేల మీది జాలీలో నీళ్లు పోసి, పైవాళ్లను ఫ్లష్ లాగమన్నాడు. గుటక వేసినట్టు చప్పుడైంది. జాలీ కింద వంపులో నిలిచి కంపుకు అడ్డంగా ఉండాల్సిన నీళ్లు మాయం!

"ఈ నిలువు గొట్టానికి ఊపిరాడట్లేదు. డాబా మీద గాలి గొట్టం మూసేశారు. పైనుంచి గాలి రాకపోతే, దిగే నీళ్లు దారిలో వంపుల్లో ఉన్న నీళ్లన్నీ పీల్చేస్తాయి. ఎవడా మహానుభావుడు?" అన్నాడు.

అమ్మా, అది నేనే.

డిష్ కొన్న ఏడాది స్తంభం ఎక్కడ పాతాలా అని వెతుకుతుంటే డాబా మీద ఆ ఇనుప గొట్టం కనబడింది. స్తంభం అందులో సరిగ్గా పట్టింది. సిమెంటు కూరి బిగించేశాను. నా కొడుకు పనిమంతుడని నువ్వు అందరికీ చెప్పుకున్నావు. ఆ నెలలోనే కంపు మొదలైంది. అప్పుడు నాకు తెలియదు, ఒట్టు. ఐదేళ్ల కిందట ఓ పనివాడు చెబితే తెలిసింది. తెలిసి కూడా నోరు విప్పలేదు. సిగ్గేసింది, భయమేసింది.

నిన్న ఉదయం డిష్ పీకేసి, సిమెంటు ఉలితో చెక్కి గొట్టం తెరిచాం. తర్వాత ఒక్కణ్ణే వెళ్లి నెవేనా పిన్నికి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. మెల్లగా కుర్చీలో కూర్చుండిపోయింది.

"క్యాబేజీ పెట్టడం పదేళ్ల కిందటే మానేశానురా. పీపా కూడా పారేశాను. అయినా మా ఇంట్లోనూ కంపు పోకపోతే, ఇక నా ఒంటిదేననుకున్నాను. అందుకే ఇంటికి ఎవర్నీ పిలవడం లేదు" అంది.

నాకు ఏడుపు ఆగలేదమ్మా. ఆవిడే నాకు కాఫీ పెట్టి ఇచ్చింది.

"మా ఇంటి పైకప్పు పగలగొట్టుకోండి. కానీ మీ అమ్మ మెట్ల మీద అన్న మాట మెట్ల మీదే వెనక్కి తీసుకోవాలి. అప్పటికంటే గొంతు తగ్గితే ఒప్పుకోను" అంది.

మెతోడి రేపే పని మొదలుపెడతాడు, నెలాఖరుకు గది సిద్ధం. నువ్వొచ్చిన రోజు మూడో అంతస్తులో ఆగుదాం. ముందు నేను చెబుతాను, ఆరంతస్తులకూ వినబడేలా. ఆ తర్వాత నీ వంతు.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న నీ కొడుకు,
ఒగ్నియాన్