షాపుకు పెట్టిన ముహూర్తం

శ్రీకూర్మం

అన్నయ్యకు నమస్కారాలు.

ఫోను ఎత్తడం లేదని కంగారు పడకు, మేమంతా కులాసాగానే ఉన్నాం. ఫోను చెడిపోయింది. కొన్నచోటే బాగు చేయిద్దామంటే ఆ షాపే లేదు. శ్రీకాకుళంలో నేను ముహూర్తం పెట్టి, హోమం చేయించిన ఎలక్ట్రానిక్స్ షాపు దివాలా తీసింది. యజమాని పత్తా లేడు. నేను హారతి ఇస్తున్న ఫొటో కరపత్రాల మీద వేసుకున్నారు కదా, అది చూసే మన ఊళ్ళో చాలామంది అక్కడ కొన్నారు.

నిన్న మన పొలం చేసే జగన్నాథం భార్య నారాయణమ్మ వచ్చింది. తిట్టడానికేననుకుని లోపలి గదిలోకి తప్పుకోబోయాను. తీరా చూస్తే పళ్ళెంలో కొబ్బరికాయ, తాంబూలం పట్టుకొచ్చింది.

"ఫ్రిజ్జు కొన్న నెలకే ఆగిపోనాది పంతులుగారూ. గేరంటీ కాయితం ఉన్నాది గానీ, సూపిద్దుమంటే షాపులో మనిషి లేడు. అందరం కలిసి కేసు ఏద్దామనుకుంటన్నాం. మంచి రోజు సూసి సెప్పండి," అంది.

నేను ఆ షాపుకు పెట్టిన ముహూర్తం మాట ఆవిడ ఎత్తనే లేదు. ఎత్తి ఉంటే బాగుండేది. సిగ్గుతో తల వంచుకుని పంచాంగం తిరగేశాను. ఒక్క అక్షరం కంటికి ఆనలేదు. వారంలో చెబుతానని పంపేశాను.

ఆ మంచి రోజేదో నువ్వే చూసి వెంటనే రాయి. మురిసిపోయి నీకు పంపిన కరపత్రం గోడకు అంటించి ఉంటే చింపెయ్యి. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? జీడిపప్పు ఎవరైనా వస్తుంటే పంపుతాం. పిల్లలకు ఆశీస్సులు రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నా బదులు నువ్వే ఇవ్వు.

తమ్ముడు,
విశ్వనాథ్