క్లోతిల్డ్‌ని ఎక్కడికి తీసుకెళ్ళాలి

నవంబర్ 8, శుక్రవారం

రేపే! చెల్లెలు క్లోతిల్డ్ మఠం నుంచి వస్తోంది. ఇరవై ఆరేళ్ళుగా దాన్ని కటకటాల అవతలే చూశాను, ఏడాదికి మూడుసార్లు, అరగంట చొప్పున. మఠం పెద్ద మదర్ గడువిచ్చిందట. బయట ఉండి చూసుకో, తిరిగి వస్తావో రావో నెలాఖరుకల్లా ఉత్తరం రాయమందట.

తిరిగి వెళ్ళనివ్వను. తిండికి పేరుమోసిన ఈ లియోన్‌లో పుట్టిన చెల్లెల్ని తిండితో, వైన్‌తో కట్టిపడేయలేకపోతే నేనిక్కడ ఉండి ఎందుకు? నా సెలూన్‌లో తలలు కడుగుతూ కస్టమర్లందరినీ అడిగాను, ఎక్కడికి తీసుకెళ్ళమంటారని. పదకొండు పేర్లు చెప్పారు. ఒకరు చెప్పినచోట వంట దరిద్రమని ఇంకొకరన్నారు.

నవంబర్ 9

వచ్చింది. జుట్టు తోటకత్తెరతో కత్తిరించినట్టుంది. ముందు సెలూన్ కుర్చీలో కూర్చోబెట్టి సరిచేశాను. అద్దంలోకి ఒక్కసారి కూడా చూసుకోలేదు.

నవంబర్ 12

ఘోరం. సోన్ నది ఒడ్డున తెల్లటి టేబుల్‌క్లాత్‌ల రెస్టారెంట్. చేపముద్ద క్నెల్, ఖరీదైన తెల్లవైన్. క్లోతిల్డ్ తల వంచుకుని పదకొండు నిమిషాల్లో తినేసింది. నేను వాగుతూనే ఉన్నాను. వెయిటర్ వచ్చి డెజర్ట్ ఏం కావాలి, నాలుగు రకాలున్నాయి అనగానే ముఖం పాలిపోయింది. టేబుల్ కింద నా చెయ్యి పట్టుకుంది.

వంతెన మీద నడుస్తూ అప్పుడు నోరు విప్పింది. "తినేటప్పుడు మాట్లాడటం మర్చిపోయానక్కా. అక్కడ ఒకరు పుస్తకం చదువుతారు, మిగతావాళ్ళం తింటాం."

"మరి డెజర్ట్‌కి అంత భయమెందుకే?"

"ఏం కావాలని అడిగాడుగా. నన్నెవరైనా ఆ మాట అడిగి ఇరవై ఆరేళ్ళయింది."

నవంబర్ 13, ఉదయం 5:10

మళ్ళీ లేచేసింది. కోటు వేసుకుని వంటింట్లో కూర్చుంది. తెల్లారడం కోసం.

ఉదయం 5:40

మాషోన్! ఎంత మొద్దుని నేను! పొద్దున్నే లేచేవాళ్ళకి ఈ ఊళ్ళో మాషోన్ ఉందిగా. వెనకటికి పట్టు నేసేవాళ్ళు తెల్లవారుజాము నుంచి పనిచేసి, తొమ్మిదింటికల్లా సాసేజ్‌తో, వైన్‌తో కూర్చునేవాళ్ళు. ఇప్పటికీ కొన్నిచోట్ల పెడతారు. మెనూ ఉండదు. ఏం పెడితే అది తినడమే. ఎవరూ ఏమీ అడగరు!

నవంబర్ 14

ఈరోజు మాషోన్‌కి తీసుకెళ్ళాను.

క్రువా-రూస్ గుట్ట మీద ఫెర్నాండ్ అనే ఆవిడ నడిపే ఇరుకు కొట్టు. పొడవాటి టేబుల్, భుజం భుజం రాసుకుంటూ ముసలాళ్ళు. అడుగు మందంగా ఉన్న సీసాల్లో బోజొలే ఎర్రవైన్. వేడి సాసేజ్, పప్పు సలాడ్, మూలికలు కలిపిన మెత్తటి జున్ను. క్లోతిల్డ్ మళ్ళీ తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. పక్కన మారియస్ అని ఒక రిటైరైన కసాయి. ఊరుకోలేదు.

"ఏమ్మా, ప్లేట్లో ఏమన్నా పడిపోయిందా? అంతలా వెతుకుతున్నావ్?"

నేను అతని మీదికి లేవబోయాను. అంతలో అది తలెత్తింది.

"లేదండీ. ఇందులో ఆవ తక్కువైంది. అదే చూస్తున్నా."

ముసలాళ్ళంతా వంటింటి వైపు చూశారు. వంటింట్లోంచి ఫెర్నాండ్ నడుం మీద చేతులేసుకుని వచ్చింది. "ఎవరే అది, నా పప్పులో ఆవ తక్కువన్నది?"

"నేనేనండీ. పద్నాలుగేళ్ళు పదిహేడు మందికి వండాను. వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. ముఖాలు చూసి కనుక్కునేదాన్ని. ఇక్కడ అందరి ముఖాలూ అదే చెబుతున్నాయి."

ఫెర్నాండ్ ఒక చెంచా తిని చూసింది. లోపలికెళ్ళింది. ఆవముద్ద జాడీ తెచ్చి టేబుల్ మీద ఠపీమని పెట్టింది.

"ముప్ఫై ఏళ్ళుగా భయపడి చెప్పలేదు తల్లీ!" అన్నాడు మారియస్.

క్లోతిల్డ్ నవ్వింది. ముక్కు మూసుకుని, పన్నెండేళ్ళప్పుడు నవ్వినట్టు. నేను నా గ్లాసులోకి ఏడ్చాను.

నవంబర్ 19

మళ్ళీ వెళ్ళాం. నాలుగోసారి. సెలూన్ ఆలస్యంగా తెరుస్తున్నాను, కస్టమర్లు తిట్టుకోనీ.

నవంబర్ 21

ఈ ఏటి కొత్త బోజొలే వైన్ దిగే గురువారం! ఫెర్నాండ్ కొట్టు ముందు వీధిలోకే పీపాలు దొర్లించారు. పొద్దున పదింటికి క్లోతిల్డ్ టేబుల్‌కి రెండు వైపులా ఉన్నవాళ్ళతో ఒకేసారి వాదిస్తోంది. ఈ వైన్ అరటిపండు వాసనేస్తోందని అది, అలా అనడం పాపమని మారియస్.

ఇదే సమయమనుకున్నాను. "ఇక ఉండిపోతావుగా? వెనక గదికి రంగు కూడా వేయించాను."

గ్లాసు కింద పెట్టింది. "ఎక్కడ తినాలో ఊరందరినీ అడిగావక్కా. నాకేం కావాలో నువ్వూ అడగలేదు."

నవంబర్ 22

కోపం. నిజం చెప్పిందని.

నవంబర్ 24, ఆదివారం

తొమ్మిదింటికి లేస్తే దాని మంచం ఖాళీ. కోటు లేదు. ఫెర్నాండ్ కొట్టుకి పరిగెత్తాను, ఆదివారం సెలవు. స్టేషన్‌కి పరిగెత్తాను. మఠానికి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు.

ఒంటిగంటకి వచ్చింది, బుగ్గలు ఎర్రగా.

"సంతకి వెళ్ళానక్కా, ఒక్కదాన్నే! పచ్చి ఆల్చిప్పలమ్మే అబ్బాయి ఏం కావాలన్నాడు. ఆరు అన్నాను. తెల్లవైన్ అన్నాను. తర్వాత ఇంకో ఆరు అన్నాను!"

కొట్టాలనిపించింది. కావలించుకున్నాను. ఆ తర్వాత అడిగాను, నీకేం కావాలే అని.

కోటు విప్పి తగిలించింది. "ఒక గది. నీ వెనక గది కాదు. నాది."

"తిరిగి వెళ్ళవా?"

"వెళ్ళను. ప్రార్థన మాత్రం వాళ్ళ వేళకే చేసుకుంటాను. పొద్దున మాషోన్‌కి నిన్ను పిలుస్తాను. రోజూ కాదు."

రోజూ కాదట!

నవంబర్ 29

క్లోతిల్డ్ మఠానికి ఉత్తరం పోస్టు చేసింది. ఫెర్నాండ్ చెల్లికి తన కొట్టులో వారంలో మూడు రోజులు పని ఇచ్చింది. పప్పు మాత్రం ముట్టుకోనివ్వదట.

డిసెంబర్ 15

క్లోతిల్డ్ తన గదికి భోజనానికి పిలిచింది. ఒకే కుర్చీ, ఒకే గ్లాసు. కూర్చున్నవాళ్ళు తినాలి, నిలబడ్డవాళ్ళు తాగాలి. ఎక్కువసేపు ఇద్దరం నిలబడే ఉన్నాం.