వాళ్లను సత్రంలో పడుకోబెట్టాను

బేతంచెర్ల,
ఆగస్టు 2004.

చిరంజీవి శ్రీవాసవికి నాన్న ఆశీస్సులు.

నేనూ అవ్వా బాగున్నాం. అవ్వ మోకాళ్లకు తైలం పనిచేస్తోంది. మీ చెన్నై హాస్టల్లో నీళ్ల ఇబ్బంది కొంత తీరిందని రాశావు, సంతోషం. ఇక్కడ వాన లేదు. లారీకి లోడు కట్టేలోపు రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

కాలేజీ పత్రికకు ఆ జపాన్ వీడియో ఆటల మీద వ్యాసం రాస్తున్నానని, వాటిలో మంచీ చెడూ చెప్పమని అడిగావు. ఆడింది నువ్వూ అమ్మా. నేను పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చున్నవాణ్ణి. చూసినంత రాస్తాను.

ప్రతి భాగంలోనూ కొత్త లోకం, కొత్త మనుషులు. వెనకటివి ఆడకపోయినా ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు. అయినా పరాయిగా ఉండదు. గాయానికి పూసే ఆకు అదే, సత్రంలో పడుకుంటే వచ్చే పాట అదే. ప్రదీప్ మామ కువైట్ నుంచి రాజంపేటకు వచ్చినప్పుడల్లా ఒక కొత్త భాగం తెచ్చేవాడు. సత్రం పాట వినగానే అమ్మ, "మన ఊర్లోకి వచ్చినట్టుండాది" అనేది. అంతదూరం వాళ్లు కట్టిన పాట ఆమెకు అలా వినపడిందంటే, అది చిన్న గుణం కాదు.

లోపాలూ ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఒక కొట్లాట. దుర్మార్గుణ్ణి ఓడించాక, వాడి వెనక ఇంకొకడున్నాడని చెప్పడం దాదాపు ప్రతి భాగంలోనూ ఉంది. బొమ్మలు అందంగా తయారయ్యేకొద్దీ ఊళ్లు తగ్గాయి. కొత్త భాగాల్లో తలుపు తీసుకుని లోపలికి పోగలిగే ఇళ్లు తక్కువ. అన్నిటికన్నా పెద్ద లోపం అమ్మ పట్టుకున్నదే. చివరి శత్రువు చావగానే ఆట అయిపోతుంది. కాపాడిన లోకంలో ఒక్క పూట కూడా ఉండనివ్వరు. "గెలిచినంక ఊర్లన్నీ తిరిగి చూడనీకపోతే ఇంక గెలిచేదెందుకు?" అనేది. అందుకే చివరి గుహ దాకా పోయి, లోపలికి అడుగుపెట్టకుండా, వెనక్కి వచ్చి ఊళ్లలో తిరుగుతూ ఉండేది.

ఇంకొక లోపం ఉంది. సేవ్ చేసే క్షణంలో కరెంటు కుంగితే, ఆడినంత దాచిపెట్టే కార్డు పాడవుతుంది. మన షెడ్డులో బండలు కోసే పెద్ద రంపం మొదలైతే ఇంట్లో దీపాలు డిమ్ము అవుతాయి గదా. అమ్మ కిటికీలోంచి పచ్చ తువ్వాలు ఊపేది, దేవేంద్రప్ప రంపం ఆపేవాడు. "ఆపండప్పా, అమ్మ లోకాన్ని కాపాడుతాండాది, బండలు యాడికీ పోవులే" అని కూలీలను నవ్వించేవాడు. ఇది నీ వ్యాసంలో రాస్తే చెన్నైలో ఎవరూ నమ్మరు.

ఇక కార్డు సంగతి. అమ్మ ఆట ఉన్న కార్డును లారీ డ్రైవరు మహానంది చేత పంపమని, కొత్త కార్డులోకి ఎక్కించుకుంటానని అడుగుతూనే ఉన్నావు. నేను జవాబు రాయలేదు. భయపడి రాయలేదు.

ఉగాది నుంచి అది సరిగా పలకడం లేదు. ఆన్ చేస్తే ఒక్కోసారి కార్డే లేదంటుంది. తీసి, తుడిచి, మళ్లీ పెడితే కనపడుతుంది. ఆన్ చేయకుంటే పోలేదనుకోవచ్చని ఆట పెట్టె మీద గుడ్డ కప్పాను. ఆ గుడ్డ దులపడం కూడా మానేశాను. అమ్మ చీరలు మీ పెద్దమ్మలు తీసుకున్నారు. గోడ మీద ఫోటోలో నవ్వు ఫోటోగ్రాఫరు నవ్వమన్నది. ఆమె తన ఇష్టంతో నడిచిన దారి ఆ కార్డులో ఒక్కదానిలోనే ఉంది.

ఈ పొద్దున మహానంది వచ్చి, చెన్నైకి లోడు పోతోంది, పాపకు ఏమైనా ఇస్తారా అని అడిగాడు. గుడ్డ తీసి ఆన్ చేశాను. కార్డు లేదన్నది. తుడిచి పెట్టాను. మళ్లీ లేదన్నది. అవ్వ గడపలో నిలబడి, "ఏమప్పా కేశవులూ, ఒళ్లు బాగలేదా? చెమటలు కారిపోతాండాయి" అంది. ఏమీ లేదన్నాను. ఇంకోసారి పెట్టాక కనపడింది.

అమ్మ వదిలిన చోటే, గుహ ముందర, ఆమె జట్టు నలుగురూ నిలబడి ఉన్నారు. తన పేరు పెట్టుకున్న వైద్యురాలు శ్రీదేవికి, ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత దాదాపు ఖాళీ. మిగతా ముగ్గురికీ నిండుగా ఉంది. వాళ్లను సత్రంలో పడుకోబెట్టకుండా అమ్మ ఎప్పుడూ ఆట ఆపేది కాదు, నీకు తెలుసు. ఆ రోజు కర్నూలు ఆసుపత్రికి పోవడానికి జీపు వచ్చి హారన్ కొడుతుంటే అక్కడే సేవ్ చేసి లేచింది.

మధ్యాహ్నం కరెంటు కోత దగ్గరపడింది. అలాగే ఆపేస్తే ఆమె వదిలింది వదిలినట్టు ఉంటుంది. సత్రానికి తీసుకుపోతే దాని మీదే మళ్లీ సేవ్ చేయాలి. కార్డులో వేరే చోటు లేదు. పాతబడిన కార్డు తట్టుకుంటుందో లేదో తెలియదు.

నాకు ఆడటం రాదు. దారిలో ఎదురైన ప్రతి కొట్లాట నుంచీ పారిపోయాను. సత్రం ముసలాయన ఎప్పుడూ అనే మాటే అన్నాడు. పడుకోబెట్టాను. పాట వచ్చింది. శ్రీదేవి గీత నిండింది.

కిటికీ దగ్గరికి పోయి పచ్చ తువ్వాలు ఊపాను. అమ్మ పోయాక దాన్ని ఎవరూ ఊపలేదు. రంపం ఆగింది. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. దేవేంద్రప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, ఇటే చూస్తూ నిలబడ్డాడు. నొక్కాను. సేవ్ అయిందని తెర మీద వచ్చింది. పెట్టె ఆపేశాను. మళ్లీ ఆన్ చేసి చూసుకునే ధైర్యం లేదు.

అమ్మ చివరి గుర్తు మీద, నిన్ను అడగకుండా, నా చేయి పెట్టాను. ఇది నీకు చెప్పాలి.

కార్డును ఆ తువ్వాల్లోనే చుట్టి పంపుతున్నాను. పలికినా పలకకపోయినా ఫోను చేయవద్దు. ఉత్తరమే రాయి, ఆలస్యమైనా సరే. అది వచ్చేదాకా వాళ్లు సత్రంలో నిద్రపోతున్నారనుకుంటాను.

ఇట్లు,
మీ నాన్న,
కేశవులు