పోస్టాఫీసు గోడ మీద నాన్న ముఖం

పైన్‌ఫోర్డ్, అలబామా
మార్చి 9, 1971

తమ్ముడు తర్మన్‌కు,

నాన్న కులాసా, మోకాలి నొప్పి తగ్గింది, బెంగపడకు.

పోస్టాఫీసు గోడ మీద మన ఊరి చరిత్ర బొమ్మలు వేయిస్తున్నారు. నల్లవాళ్ల ముఖం ఒక్కటీ లేదు. పాత వరదలో జనాన్ని కాపాడిన బొమ్మలో పడవ నడుపుతున్నట్టు నూలు మిల్లు యజమానిని వేశారు. పోయిన శనివారం అందరికీ చూపించినప్పుడు నాన్న టోపీ తీసి నిలబడ్డాడు. జడ్జిగారి భార్య యూలలీ గారు మాత్రం చేతికర్రతో గోడను టకటకా కొట్టి, నాన్నను చూపించారు.

"చిన్నప్పుడు మా ఇంటి కప్పు మీంచి నన్ను దించింది ఈ అలాంజో! ఆ మిల్లాయన మేడెక్కి ఏడుస్తుంటే ఆయన్నీ ఇతనే దించాడు!"

జనం గొల్లున నవ్వారు. చిత్రకారుడు మిల్లాయన ముఖం చెరిపేసి, నాన్న పడుచు వయసులో ఉన్నప్పటి ఫొటో అడిగాడు.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "నన్నొక్కణ్ణే వేస్తే ఒప్పుకోను బాబూ. నేను తెడ్డేస్తుంటే పడవలో నీళ్లు తోడిపోసింది మా జునీటా. అది లేకపోతే అందరం మునిగేవాళ్లం."

నీ దగ్గరున్న అమ్మానాన్నల పెళ్లి ఫొటో వెంటనే పంపు. మడత పడకుండా అట్ట పెట్టు. పాపకు పళ్లొచ్చాయా? అక్కడి చలికి నీ కోటు సరిపోతోందా? పీచ్ జామ్ పంపుతున్నాను, మరదలికి చెప్పు.

అమ్మ పోయాక నాన్న నోట ఆమె పేరు వినడం ఇదే మొదలు. ఇప్పుడు రోజూ ఆ గోడ ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లకు ఆమె గురించే చెబుతున్నాడు.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ అక్క
వెర్లీన్