పదకొండు వరుసలకు ఇరవై మూడు సంతకాలు

హైదరాబాద్, జూన్ 3

మా రాయమల్లు తాతకు హర్షిణి దండాలు.

బొగ్గు పేల్చే చప్పుళ్లకు నీ చెవులు పోయాయి, ఫోన్లో చెప్పలేను. అందుకే ఉత్తరం.

కంప్యూటరును నెట్‌కు కలిపే కార్డు ఒకటి ఉంటుంది. మీట నొక్కగానే దాన్ని నిద్రలేపి పనిలో పెట్టే ఆదేశాలను ఎన్నో దేశాలవాళ్లు కలిసి రాస్తారు. ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. కార్డు త్వరగా లేచేలా నేనూ పదకొండు వరుసలు దిద్దాను. అవి ఏ దేశపు దవాఖానలోనో నడుస్తాయనుకుంటే ఒళ్లు పులకరిస్తోంది.

అంతకుముందు మార్టిన్ అనే ఆయన పరిశీలించి ఒప్పుకోవాలి. రెండుసార్లు తిప్పి పంపాడు. నెలాఖరులోగా ఒప్పుకోకపోతే నాకొచ్చిన శిక్షణ అవకాశం పోతుంది.

నీ మనవరాలు,
హర్షిణి

తా.క.: ఒక్కో వరుసకూ తెలుగులో అర్థం రాసి పంపుతున్నాను. 'ఆదేశం' అన్న మాట ఎంత బాగుందో చూడు!

*

గోదావరిఖని, జూన్ 8

బంగారు బిడ్డ హర్షిణికి తాత రాసేది.

రెండుసార్లు వాపస్ పంపుడేంది? ఆయనకు నీ మీద కోపమున్నది. నమస్తే పెట్టలేదా? ఏ షిఫ్టుల ఉంటడు? ఆయన మీది మేనేజర్ ఎవలు? నువ్వు ఫికర్ చెయ్యకు. యూనియన్ల ముప్పై ఏండ్లు తిరిగిన మన కొమురెల్లికి చెప్పిన. కండువ సుత ఉతికి ఆరేసిండు.

నీ తాత,
రాయమల్లు

తా.క.: నీ అర్థాలను ఊకె నమ్మం. గనిల కొత్త షిఫ్టోడు పాత షిఫ్టోని మాట మీద పని అందుకోడు. పొయ్యి కండ్లతోని చూసినంకనే బుక్కుల సంతకం పెడ్తడు. పింఛన్ మనుషులం ఇరవై ముగ్గురం కూసొని ఒక్కో వరుస చూస్తున్నం.

*

హైదరాబాద్, జూన్ 13

తాతా, దండాలు. ముందుగా కొమురెల్లి తాతను కండువా మడతపెట్టమను.

మార్టిన్‌కు నా మీద కోపం లేదు. నా ముఖమే తెలియదు. తన పని ముగించుకొని, సాయంత్రాలు కూర్చుని, నా పదకొండు వరుసలకు రెండు పేజీల జవాబు రాశాడు. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం అంత ఓపికా! మూడోసారీ తిప్పి పంపాడు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఆ మధ్యలో సరుకు వస్తే?" సరుకంటే నెట్‌లో వచ్చిపడే సమాచారం. దేని మధ్యలోనో నాకు తెలియడం లేదు. అడగడానికి సిగ్గు.

భయపడుతున్న
హర్షిణి

తా.క.: అక్కడికి ఎవరు ఏం రాసినా లోకమంతా చదువుతుంది. కాబట్టి దయచేసి ఏమీ రాయకండి.

*

గోదావరిఖని, జూన్ 18

బిడ్డా,

లోకమంతా చదువుతదని నువ్వే రాసినవు. ఇంకేం గావాలె! అక్కడికే అర్జీ పంపినం. నెట్ సెంటర్ మమత ఇంగ్లీషుల కొట్టింది. ఇరవై ముగ్గురం సంతకాలు పెట్టినం. అండ్ల బొగ్గు ఏరే పని చేసిన పూలమ్మది వేలిముద్ర.

అబద్ధం మటుకు రాయలేదు. నీ తప్పు సుత రాసినం. ఐదో వరుసల "సరుకు తీసుకో" అని కార్డుకు చెప్తున్నవు. సరుకు పెట్టేతందుకు గంప తొమ్మిదో వరుసల తెస్తున్నవు! నేను గనిల బొగ్గు టబ్బులను తాడుతోని గుంజే హాలర్ మిషిన్ నడిపినోన్ని. కింది నుంచి గంట రానిది తాడు గుంజేటోన్ని కాదు. టబ్బుల కాడ మనిషి తయారున్నడో లేడో నాకెట్ల తెలుస్తది? "ఈ ఒక్క తప్పు తప్ప పిల్ల మంచిది, జర చూడుర్రి" అని రాసినం.

నీ తాత,
రాయమల్లు

తా.క.: మార్టిన్‌ది ఏ యూనియనో కొమురెల్లి అడుగుమన్నడు.

*

హైదరాబాద్, జూన్ 24

తాతా, నీ పాదాలకు దండాలు.

లోకం ముందు ఆ అర్జీ కనబడగానే దుప్పటి ముసుగేశాను. తర్వాత ఐదో వరుస చూశాను. తొమ్మిదో వరుస చూశాను. లేచి కూర్చున్నాను.

మార్టిన్ మూడుసార్లు అడిగింది అదే! ఆ రెండు వరుసల మధ్యలో సరుకు వస్తే పెట్టడానికి చోటుండదు. యంత్రం మొత్తం కూలిపోతుంది. గంపను ముందుకు జరిపి పంపాను. నిన్న ఒప్పుకున్నాడు. నా అవకాశం నిలిచింది.

నా మార్పు కింద "తప్పు చూపినవారు: రాయమల్లు, గోదావరిఖని" అని రాసి ఉంది. ఇక దాన్నెవరూ చెరపలేరు. భూమి కింద నువ్వు ఎదురుచూసిన గంటకూ, నా బల్ల మీద మెరిసే ఈ అక్షరాలకూ న్యాయం ఒకటేనా తాతా?

నీ
హర్షిణి

తా.క.: మార్టిన్ ఇంకో మార్పు పంపి, "పెద్దలు దీన్ని చూస్తారా?" అని అడిగాడు. అర్థాలు జతచేశాను. మొహమాటపడవద్దని మరీ మరీ చెప్పమన్నాడు.

*

గోదావరిఖని, జులై 2

బిడ్డా,

చూసినం. వాపస్ పంపినం. కార్డు లేస్తే మంచిదే. లేవకపోతే? రాసినోడు తెచ్చిన గంపను అప్పజెప్పకుంటనే ఎల్లిపోతున్నడు. డ్యూటీ చెడిపోయినా గనిల దిగేటప్పుడు తీసుకున్న టోపీ లైటు వాపస్ ఇయ్యాల్నా వద్దా? దిద్ది పంపిండు. ఇంకో కాడ గదే తప్పు. మళ్ల వాపస్ కొట్టినం. నీ అసుంటి పిల్లగాడే ఎవడో రాసినట్టున్నడు. ఏడ్వద్దని చెప్పు, మెల్లగ నేర్సుకుంటడు.

నీ తాత,
రాయమల్లు

తా.క.: మమత ఇప్పుడే చెప్పింది. ఆ కాయితం రాసింది మార్టినేనట! పూలమ్మ కాయితం ముందటికి జరిపింది: "అయితేంది? గంప ఏడ వెట్టిండో అడుగుర్రి."